ఓడదాకా చెప్పు

ఒజీత్ అత్తకు ఒకటే జబ్బు. ఎదుటి మనిషి ఎవరి కొడుకో, ఎవరి మనవడో, ఫ్రాన్సు నుంచి వచ్చి ఓడ దిగిన మూలపురుషుడిదాకా చెప్పించందే వదిలిపెట్టదు.

కెనడాలో సెంట్ మేరీ అఖాతం ఒడ్డున ఆ పల్లెలో ముప్పాతిక మందిది కొమో ఇంటిపేరే. అందుకని మనిషి పేరు వెనకే తండ్రి పేరూ తాత పేరూ తగిలించి పిలుస్తారు. ఊరివాళ్ళు తాతతో ఆగుతారు. ఒజీత్ ఆగదు.

"ఇంగ్లీషువాళ్ళు చర్చి తగలబెట్టి మనల్ని ఓడల్లో కుక్కి తోలేసినప్పుడు వంశాలు రాసిన పుస్తకాలు బూడిదయ్యాయి. నోరొక్కటే మిగిలింది. దాన్నీ మూసుకోమంటారా?" అనేది.

ఒకసారి ఊరి కుర్రాడు మార్సెలిన్ పడవ రేవు దగ్గరే బోర్లాపడింది. ఒజీత్ తాడు విసిరింది.

"ఎవరబ్బాయివిరా?"

"లాగవే అత్తా! చచ్చిపోతున్నా!"

"చస్తే ఎవరని పూడ్చాలి? చెప్పు."

"మార్సెలిన్... దోసితే..." ఒక అల మింగాడు. "ఫబియాన్... ఉర్బెన్..."

"ఉర్బెన్ తర్వాత?"

"నీళ్ళు, అత్తా, నీళ్ళు!"

అప్పుడు లాగింది. బూటొకటి సముద్రంలోనే పోయింది. ఒడ్డున కక్కుకుంటున్నవాడి వీపు నిమురుతూ మిగతా తరాలు తనే అందించింది. పంది పిల్లను కొన్నా దాని తల్లి ఎవరని అడిగే మనిషి మరి.

అలాంటిది ఒక్కణ్ణి మాత్రం ఏనాడూ అడగలేదు. వాడు అమెదే. అనాథాశ్రమం నుంచి చిన్నప్పుడే ఈ ఊరికి పనికి పంపించారు. తల్లిదండ్రులెవరో వాడికే తెలియదు. పెద్దవాడై చేపల వేటకు పోతున్నా ఊరికి వాడు ఉత్త అమెదేనే. ఒజీత్ ఎదురుపడితే "తిన్నావా?" అని చేతిలో ఇంత ఏదో పెట్టి వెళ్ళిపోయేది.

"పందిని అడుగుతుంది, నన్నడగదు," అనేవాడు పెళ్ళాం లియోనీతో. నవ్వుతూనే అనేవాడు గాని, ఆ ముల్లు లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

ఆ మంచుకాలంలో లియోనీ పురిట్లో పోయింది. పొద్దున ఆమెను పూడ్చి, మధ్యాహ్నం పసిగుడ్డు జెలీని జ్ఞానస్నానానికి చర్చికి తెచ్చారు. పిల్ల పుట్టినప్పటి నుంచీ గట్టిగా ఏడవలేదు. బతుకుతుందని ఎవరికీ నమ్మకం లేదు. ఊళ్ళో ఏ బిడ్డకు జ్ఞానస్నానం జరిగినా వంశం పైకి చెప్పడం ఒజీత్ తన నెత్తినేసుకున్న పని. అమెదేకు అదే భయం.

"ఫాదర్, ఇవాళ ఆ వంశం వద్దు," అన్నాడు మెల్లగా. "నా దగ్గరే తెగిపోతుంది."

"తల్లిని మింగింది, తండ్రికి అడ్రసు లేదు," అని వెనక ఎవరో గొణిగారు. అమెదే విన్నాడు. తను పడ్డదంతా ఇక ఇదీ పడాలి అనుకుని పిల్లను గుండెకు అదుముకున్నాడు.

ఒజీత్ లేచి గొంతు సవరించుకుంది.

"జెలీ! జెలీ అమెదే ఒజీత్ లెవీ ప్లాసిడ్ ఇలేర్..." ఎక్కడా ఆగకుండా ఓడ దిగిన బార్తెలెమీదాకా వెళ్ళింది.

"అత్తా, మధ్యలో నీ పేరు దూరిందేం?" అన్నాడు మార్సెలిన్. "నీకు పెళ్ళే కాలేదుగా!"

"ఊపిరాడక ఉర్బెన్ దగ్గర ఆగిపోయినవాడివి, నువ్వు మాట్లాడకు."

"నన్నెప్పుడూ అడగలేదే అత్తా," అన్నాడు అమెదే.

"తెలిసినదాన్ని ఎవరైనా అడుగుతార్రా? నువ్వొచ్చిన రోజే నిన్ను నా వంశంలో కలిపేసుకున్నాను. నీకు తెలీదూ?"

"ఎవరు చెప్పారని?"

"అయ్యో! ఎవడో ఒకడు చెప్పి ఉంటాడనుకున్నాను."

ఫాదర్ పిల్ల నెత్తిన చన్నీళ్ళు పోశాడు. అంతే, పిల్ల చర్చి అదిరేలా కేరుమంది.

"అదిగో! అచ్చం మా బార్తెలెమీ తాత గొంతే!" అంది ఒజీత్.

మూడొందల ఏళ్ళ కిందటి ఆ తాత గొంతు విన్నవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అయినా అందరూ తలలూపారు.

"మరి ముక్కో?" అన్నాడు అమెదే, కళ్ళు తుడుచుకుంటూ.

ఒజీత్ వంగి పరీక్షగా చూసింది.

"ముక్కు నాది," అంది.