ఏడో అంతస్తులో బాలమ్మక్క పైపు చప్పుడు

దయ్యాలనేవి ఉంటే అందరికన్నా ముందు మాలాంటి కూలీలకే కనిపించాలి. ఈ మాదాపూర్‌లో బండలు పగలగొట్టి పునాదులు తవ్విన రోజుల్లో ఆ గుంతల పక్కనే వండుకున్నాం. తలుపులు, కిటికీలు లేని అంతస్తుల్లో పిల్లలను పక్కన వేసుకుని పడుకున్నాం. పాములు కనిపించాయి, తేళ్లు కనిపించాయి. దయ్యం ఒక్కటీ కనిపించలేదు. ఎవరైనా చూశామని చెబితే, తాగి చూశావా, జ్వరంలో చూశావా అని మొహం మీదే అడిగే మనిషిని నేను. ఇప్పటికీ అంతే.

నాది పాలమూరు వైపు. ఇప్పుడు ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో, ఏడో అంతస్తులో హౌస్‌కీపింగ్ చేస్తున్నాను. ఆ బిల్డింగు కట్టినప్పుడు తట్టలు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. చదువు నలభై దాటాక వచ్చింది. లేబర్ క్యాంపులో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మ సైటు గోడ మీది బోర్డు చూపించి నాకు అక్షరాలు నేర్పింది. "ముందు భద్రత, తర్వాత పని." నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం అదే. అందుకే నా రాత కూడా బోర్డు రాతలాగే ఉంటుంది, ఏమనుకోవద్దు.

ఆ రోజుల్లో మాతో బాలమ్మక్క ఉండేది. సామాను పైకి చేర్చే లిఫ్టు కింద ఒక ఇనుప పైపు వేలాడదీసి, చేతికి ఒక రాడ్డు ఇచ్చి, ఆమెను అక్కడ నిలబెట్టారు. లిఫ్టు నడిపేవాడికి ఆమె కొట్టే దెబ్బలే సైగ. తట్టలు మోసే మాకోసం మాత్రం వేరే చప్పుడు ఉండేది. టంగు, టంగు అని రెండు దెబ్బలు, ఆ వెంటనే రాడ్డును పైపు పొడుగునా గర్రున గీసేది. ఎక్కడున్నదానివి అక్కడే ఆగు, పైనుంచి ఏదో వస్తోంది అని దానర్థం. అది వినబడితే తట్టతో ఉన్నా, చంకన బిడ్డతో ఉన్నా కాళ్లు నాటుకుపోయినట్టు ఆగిపోయేవి. ఆమె రాని రోజు వేరేవాళ్లు కొట్టేవారు గానీ ఆ గర్రు ఎవరి చేతికీ పట్టుబడలేదు.

ఆమె నోరూ ఆ పైపు లాంటిదే. తలకు గట్టి టోపీలు కొత్తగా వచ్చినప్పుడు, ఆడవాళ్లు కూడా పెట్టుకోవాలన్నారు. మేము టోపీ మీద చుట్టబట్ట పెట్టి, దానిమీద తట్ట ఎత్తుకున్నాం. తట్ట జారి కాంక్రీటంతా ఇంజనీరు బూట్ల మీద పడింది.

"గీ డిప్ప మీద తట్ట నిలుస్తదా సారూ? జర నువ్వు ఎత్తుకొని సూపియ్యి!" అంది బాలమ్మక్క.

ఆయన కూడా నవ్వేశాడు. ఎండలో అంత కష్టం చేసినా, తలుచుకుంటే ముందు ఆ నవ్వులే గుర్తొస్తాయి.

ఇక అసలు సంగతి. మా బిల్డింగులో సేఫ్టీ రూల్స్ అప్పుడప్పుడు మారుతుంటాయి. మారినప్పుడల్లా మమ్మల్నందరినీ నిలబెట్టి చెబుతారు. ఈమధ్య ఫైర్ డ్రిల్‌కు కొత్త రూలు వచ్చింది. సైరన్ మోగి అందరూ మెట్ల దారిన దిగిపోతుంటే, ప్రతి అంతస్తులో ఒకరు వెనక ఉండి, టాయిలెట్లు చూసి ఆఖరున దిగాలి. మా అంతస్తుకు నన్ను పెట్టారు. సేఫ్టీ ఆఫీసరు కడప అబ్బాయి. నాకు నారింజరంగు జాకెట్ తొడిగాడు.

"అవ్వా, ఆడోళ్ల టాయిలెట్లన్నీ చూసి, ఎవురూ లేరనుకున్యాకనే నువ్వు దిగల్ల."

"దిగుత సారూ. నీ మోకాళ్లు ఇస్తవా మరి?"

"మోకాళ్లు ఇయ్యలేను గానీ ఈల ఇస్తా. ఏమన్నా అయితే ఊదు."

ఆ రోజు పొద్దున టీ వేళకు సైరన్ మోగింది. డ్రిల్లంటే ఆఫీసు పిల్లలకు విసుగు. ఒకమ్మాయి ఫోను పట్టుకుని టాయిలెట్‌లో దాక్కుంది.

"ఆంటీ, నన్ను చూడలేదనుకోండి, ప్లీజ్."

"నిజంగ మంట లేస్తే గిట్లనే దాక్కుంటవా? నడువు, నడువు!"

ఆమెను మెట్ల దాకా తోలాను. అంతస్తు ఖాళీ అయింది. సైరన్ ఆపేశారు. ఏసీ కూడా ఆగింది. నాకు చెప్పిన చోట్లన్నీ మరోసారి చూసి, మెట్ల తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టాను.

టంగు. టంగు. గర్ర్...

కాళ్లు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి. చెయ్యి తల మీదికి పోయింది, లేని తట్టను పట్టుకోవడానికి. ఇన్నేళ్ల తర్వాత, నున్నటి పాలరాళ్ల మీద, ముసలిదాన్ని అలా నిలబడ్డాను.

నిలబడ్డాను కాబట్టి పక్కకు చూశాను. మెట్ల పక్కనే, పసిపిల్లల తల్లులు పాలు పిండుకోవడానికని ఒక చిన్న గది ఆ వారమే తెరిచారు. కొత్తది కావడంతో దాన్ని చూడమని నాకు ఎవరూ చెప్పలేదు. దాని గడియ మీద ఎర్ర గుర్తు ఉంది. అంటే లోపల మనిషి ఉన్నట్టు.

తలుపు కొట్టాను, పలకలేదు. బయటినుంచి రూపాయి బిళ్లతో తిప్పితే వచ్చే గడియ అది. తిప్పాను. లోపల ఒక అమ్మాయి నేల మీద పడి ఉంది. కళ్లు తిరిగి పడిపోతూ సింకు అంచుకు తల కొట్టుకున్నట్టుంది, జుట్టు కింద రక్తం మడుగు కట్టింది. సగం నిండిన పాలసీసా పక్కనే దొర్లి ఉంది. కాన్పు సెలవు అయిపోయి మొన్ననే డ్యూటీకి వచ్చిన పిల్ల. బిడ్డ నల్లగండ్లలో, అత్తగారి దగ్గర.

మెట్లలోకి పోయి ఊపిరి ఉన్నంతవరకు ఈల ఊదాను. కడప అబ్బాయి, ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండే గుంటూరు సిస్టరమ్మ పరుగున పైకి వచ్చారు. సిస్టరమ్మ గాయాన్ని ఒత్తిపట్టి కట్టు కట్టింది. ఆ అమ్మాయిని అంబులెన్సులో పంపించాక చేతులు కడుక్కుంటూ నాతో అంది, "ఇప్పుడైనా చూశారు కాబట్టి సరిపోయిందండీ. కింద డ్రిల్ స్పీచులన్నీ అయ్యేదాకా అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమండీ."

నీకెట్ల తెలిసింది అని కడప అబ్బాయి అడిగాడు. విన్నది విన్నట్టు చెప్పాను. నవ్వలేదు, పాపం.

"సప్పుడు ఇన్యానని రిపోర్టులో ఎట్ల రాసేది అవ్వా? ఎర్ర గుర్తు కనపడి ఆగినావని రాస్తా."

"రాసుకో. కానీ నేను ఆగినంకనే అది కనవడ్డది."

నా అనుమానం తీరాలని నేనూ అడిగి చూశాను. డ్రిల్ కోసం రిపేరు పనులన్నీ ఆపేశారట. సీలింగు పైన మంటలార్పే నీళ్ల పైపులు ఉన్నాయంటే, ఎలక్ట్రీషియన్‌ను నిచ్చెన ఎక్కించి కొట్టించాను. టిక్కు టిక్కుమన్నాయి. అది కాదు. బాలమ్మక్క కొట్టిన పాత పైపు, బిల్డింగు పూర్తవగానే తుక్కు కిందికి పోయింది. ఈ సంగతి జరిగాక వచ్చిన సేఫ్టీ అప్‌డేట్‌లో పాలగది కూడా చూడాలని చేర్చారు, అంతే.

నాతో పనిచేసే ఆడపిల్లలు ఈ మాట విని కళ్లు తుడుచుకున్నారు. "పాపం, బాలమ్మక్క ఎప్పుడు వోయింది ఆంటీ?"

"యాడికీ వోలే. బోరబండల ఉంటది."

అక్కడే నా బుర్ర తిరిగిపోయింది. దయ్యం అందామంటే మనిషి బతికే ఉంది.

రెండు వారాలు పోయాక ఒక ఆదివారం బోరబండ పోయాను. ఏళ్ల తరబడి ఆ పైపు పక్కన నిలబడి బాలమ్మక్క చెవులు పాడయ్యాయి. చెవులకు పెట్టుకునేవి ఏవో ఉంటాయని అప్పుడు ఎవరికి తెలుసు? గల్లీ మొత్తానికి వినబడేలా అరిచి చెప్పాను.

"ఏందే, నేను బతికుండంగనే దయ్యం జేస్తివా నన్ను?" అని పకపకా నవ్వింది.

ఆ పొద్దున ఆమె ఎక్కడుందని కోడలిని అడిగాను. "రేషన్ దుకాణంల లొల్లి వెట్టుకుంట కూసున్నది చిన్నమ్మా. నేను పక్కనే ఉన్న" అంది.

ఆ గర్రు ఎవరికైనా నేర్పావా అని బాలమ్మక్కను అడిగాను.

"నేర్పనీకి అదేమన్న పాటనా? మూడో దెబ్బకు చెయ్యి లేస్తుండకపోయేది సెల్లే. గందుకే గీసేదాన్ని."

ఇన్నేళ్లూ అది ఆమె కనిపెట్టిన సైగ అనుకున్నాను. బాలమ్మక్క చాయ్ గ్లాసు నా ముందుకు జరిపింది. తర్వాత ఆమే అడిగింది.

"పిల్ల బతికిందా?"

"బతికింది అక్కా. మల్ల డ్యూటీకి గూడ వస్తున్నది."

"పాలు తాగే బిడ్డ?"

"మంచిగున్నది."

"అయితే ఎవలు కొడితేంది? ఊకో. చాయ్ సల్లగైతున్నది."

చాయ్ తాగాను. ఊకోవడం మాత్రం నా వల్ల కాలేదు, అందుకే ఇది రాశాను. ఆ చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు. ఆ అమ్మాయి రోజూ లిఫ్టు దిగగానే నా దగ్గరికి వచ్చి, ఫోనులో బిడ్డ ఫోటో చూపిస్తుంది. నేను ఆ గది దగ్గర ఎందుకు ఆగానో ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. ఏమని చెప్పను?