దండం పెడితే కూత

ప్రసోంగ్ మాస్టారు దండం పెడితే కుయ్‌మని కూత వినిపించేది. కూసేది ఆయన కాదు, ఆయన మణికట్టుకున్న పట్టీ.

తెలియకుండానే జుట్టు పీక్కునే అలవాటున్నవాళ్ళ కోసం, చియాంగ్ మై విశ్వవిద్యాలయంలో ఆయనే తయారుచేసిన పట్టీ అది. చెయ్యి తలవైపు వెళ్తోందని సెన్సార్లు పసిగట్టగానే కూస్తుంది. బాగానే ఉంది. కానీ ఎవరెదురైనా చేతులు జోడించి ముఖందాకా ఎత్తే ఊళ్ళో, దండానికీ జుట్టు పీకుడికీ తేడా తెలియని యంత్రం కట్టుకు తిరిగితే ఏమవుతుంది? కాపలావాడికో కూత, వంటావిడకో కూత. భిక్షువు ఎదురైతే చేతులు నుదుటిదాకా లేస్తాయి కాబట్టి కూత కూడా సాగేది.

పైగా మాస్టారిది నున్నటి గుండు.

"అక్కడేం మిగిలిందని పీక్కుంటున్నారు గురువుగారూ?" అనేది నూడుల్స్ కొట్టు బువాలాయ్, గిన్నె ముందు పెడుతూ.

"ఆశ అక్కా, ఆశ!" అని దండం పెట్టేవారాయన. కుయ్!

సహాయకురాలు దారికకి తల కొట్టేసినట్టుండేది. దండాన్ని గుర్తుపట్టే సవరణ ఆమె ఎప్పుడో రాసి, పరీక్షకొచ్చే పిల్లల పట్టీలన్నిటిలోనూ వేసేసింది. ఆయన మాత్రం తన పట్టీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

"చిటికెలో పని మాస్టారూ!"

"రేపు చూద్దాంలేమ్మా."

"మీ రేపు ఎప్పటికొస్తుంది? ఊరంతా నవ్వుతోంది!"

"నవ్వనీ. నవ్వితే అరుగుతుంది."

పరీక్షకొచ్చే పిల్లల్లో చుతిమా ఒకతి. చదువుకుంటూ చదువుకుంటూ నడినెత్తిన అరచేతి మేర జుట్టు పీకేసుకున్న హైస్కూలు పిల్ల. పట్టీ కట్టాక కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఇంతలో బడిలో గురుపూజ ముంచుకొచ్చింది. ఆ రోజు హాలంతా నిశ్శబ్దంగా ఉంటుంది. కంగారుపడితే ఈ పిల్ల చెయ్యి ఆగదు.

"అక్కా, అక్కడ కూసిందంటే అందరూ నా వైపే చూస్తారు. పట్టీ తీసేస్తా. లేదంటే బడే మానేస్తా," అని ఏడ్చింది.

"నేనూ వస్తాలే," అన్నారు మాస్టారు. ఆ పట్టీతోనేనా అనుకుంది దారిక.

అన్నట్టే దారికని వెంటబెట్టుకు వెళ్ళి, అతిథిగా వేదికెక్కి కూర్చున్నారు. పిల్లలు జంటలు జంటలుగా పూలపళ్ళేలతో మోకాళ్ళ మీద వచ్చి మొక్కుతుంటే, మాస్టారు ప్రతి జంటకీ తిరిగి దండం పెట్టారు. కుయ్! కుయ్! హాలు కాసేపు నవ్వు బిగబట్టుకుంది. "నోర్ముయ్యవే!" అని ఆయన పట్టీని గదిమేసరికి ఇక ఎవరివల్లా కాలేదు. ప్రధానోపాధ్యాయిని ముఖం మాత్రం ఎర్రగా కందిపోయింది. దారికకి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

నవ్వులు సద్దుమణిగాయి. మూడో వరసలో చుతిమా చెయ్యి తనకి తెలియకుండానే నెత్తిమీదికెక్కింది.

కుయ్!

తలలన్నీ వేదికవైపే తిరిగాయి.

"క్షమించండి, మళ్ళీ నాదే!" అని అరిచారు మాస్టారు. ఆయన చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. అది చూసింది దారిక ఒక్కతే. చుతిమా గబుక్కున చెయ్యి దించేసి, అందరితోపాటు తనూ పడీపడీ నవ్వింది.

బయటికొచ్చాక దారిక నిలదీసింది.

"ఆఖరి కూత మీది కాదు మాస్టారూ."

"ష్! నాదీ బాగుచేసేస్తే ఎలా చెప్పు? పాపం, ఆ పిల్లలు మాత్రమే కూస్తారు కదమ్మా."

దారికకి ఆయన్ని తిట్టాలో కాళ్ళకి మొక్కాలో తెలియలేదు. ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

"నాకూ ఒకటి కట్టండి," అంది. "సవరణ లేనిదే."