ఆముదం రాసిన కుండ

ఫ్రిజ్ తలుపు తీయగానే పులిసి పొంగిన దోసెపిండి వాసన ముఖానికి కొట్టింది. జనగామలో ఇల్లు కట్టించుకున్నప్పుడు ముచ్చటపడి వంటింటి అల్మారాలోనే ఇమిడిపోయేలా పెట్టించుకున్న ఫ్రిజ్ అది. తలుపు మూస్తే అక్కడ ఫ్రిజ్ ఉందని ఎవరికీ తెలియదు. రెండు రోజులుగా తెరిచినా తెలియడం లేదు. రిపేరుకు వచ్చిన యాదగిరి కింది చెక్కపట్టీ ఊడదీసి, టార్చి వేసి చూశాడు.

"గాలి ఆడే సందులన్ని మూసిన్రు గదక్కా! లోపటి వేడి ఎటు పోవాలె? ఎవలు జేసిన్రు గీ పని?"

"ఇంకెవలు, అల్మారా చేసిన వడ్లాయన," అన్నాను క్షణం ఆలోచించకుండా. ఆ సందులు చూడ్డానికి బాగాలేవని, మూయొద్దంటున్న వడ్లాయనతో గంటసేపు వాదించి గెలిచింది నేనే.

నా తప్పును ఇంకొకరి మీదికి తోయడం నాకు మొదటిసారి కాదు.

గార్లలో మా ఇంటి గోడలోనూ ఇట్లాంటి చల్లటి అర ఒకటి ఉండేది. వంటింటి మట్టిగోడలో బాపు తొలిచిన గూడు, అడుగున తడి ఇసుక, దాని మీద కుదురుకున్న కుండ. వాకిట్లో ఎండుతున్న మామిడి ఒరుగుల పుల్లటి వాసన, నూరుతున్న తొక్కు ఘాటు, తొక్కుడుబిళ్లాటలో కాలిపోయే అరిపాదాలు, వీటన్నిటి మధ్య నుంచి పరిగెత్తుకొచ్చి ముంతెడు నీళ్లు ముంచుకు తాగితే, మట్టివాసనతో ఆ చల్లదనం గొంతు దాటి కడుపులోకి దిగడం తెలిసేది. బాపు తల్లి, మా అవ్వకు చూపు మందగించినా, కుమ్మరి లచ్చవ్వ ఏటా గంపలో తెచ్చే కుండలను వేలితో కొట్టి, చప్పుడు విని ఏరేది. ఏ ఇంటికి ఏ కుమ్మరో తరాలుగా ఖాయం. ఇంటి కుమ్మరిని మార్చడమంటే ఆమె చేతిపనిని నలుగురిలో తీసిపారేయడమే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, సెలవులకు రాబోతున్న పట్నం అక్కలు మా కుండను చూసి వెక్కిరిస్తారన్న రోషంతో, వాకిట్లో పెట్టిన కొత్త కుండకు అవ్వ తలకు రాసుకునే ఆముదం నిండా పట్టించి, గుడ్డతో తోమి నిగనిగలాడించాను. కుండ చెమర్చితేనే నీళ్లు చల్లబడతాయని నాకెవరు చెప్పారు? చెప్పినా వినేదాన్నా, అది వేరే సంగతి. మర్నాడు బాపు దాన్ని గూట్లో దించాడు. మూడు రోజులైనా నీళ్లు వెచ్చగానే ఉన్నాయి. అవ్వ ఇసుక తడిపింది, నీళ్లు మార్చింది, చివరికి లచ్చవ్వను పిలిపించింది.

"ఏమే లచ్చవ్వా, మట్టి పిసికినవా, బూడిద పిసికినవా? నీళ్లు తాగితే నోరు కాలవట్టె!"

లచ్చవ్వ కుండ మీద అరచేయి రాసింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. తలుపు చాటున ఉన్న నన్ను చూసింది. ఎవరికైనా మాటకు మాట అప్పజెప్పే నేను తలుపు వెనక్కి ఇంకాస్త జరిగాను.

"మట్టి కుదరనట్టుంది పెద్దవ్వా. ఇంకోటి తెస్త," అంది.

"వద్దు. ఇగ నీ కుండ మా గూట్లెకు రానియ్య."

మరుసటి ఏడు మా ఇంటికి వేరే ఊరి కుండ వచ్చింది. మమ్మల్ని చూసి పక్కిళ్లవాళ్లూ మారారు. లచ్చవ్వ గంప నెత్తిన పెట్టుకుని "కుండలో..." అని కేకేసుకుంటూ పోయేది, మా వాకిలి ముందు మాత్రం ఆ కేక ఆగేది. తప్పు లచ్చవ్వదేనని నమ్ముతూనే అవ్వ కన్నుమూసింది.

యాదగిరి చెక్కకు సందులు కోశాడు, ఫ్రిజ్ చల్లబడింది. వడ్లాయన తప్పేమీ లేదని, మూయించింది నేనేనని అప్పుడు చెప్పాను. "ఎవలైతేంది తియ్యక్కా, సల్లవడ్డది గద!" అని నవ్వి సామాను సర్దుకున్నాడు. అంత సులువుగా వదిలేస్తే నాకు ఇంకా మండింది.

తెల్లారి గార్ల రైలెక్కాను. మా గూడు లేదు. ఇంటికి ఫ్రిజ్ వచ్చిన ఏడు బాపే ఇటుకలు పెట్టి పూడ్చాడు. కుండలు కాల్చే కుమ్మరి వాము ఉన్న జాగాలో రేకుల షెడ్లు వేశారు. ఇంటి కుమ్మరి అన్న మాటే అక్కడి పిల్లలకు తెలియదు. లచ్చవ్వ పోయి చాలా ఏళ్లయిందట. ఆమె కోడలు సరోజన అరుగు మీద మిరపకాయల తొడిమెలు తీస్తుంటే, ఎదురుగా కూర్చుని జరిగిందంతా ఒక్క ఊపున చెప్పేశాను.

"ఆముదం సంగతా? మా అత్తకు ఎరుకే గదక్కా," అంది ఆమె, చేతిపని ఆపకుండా. "చెప్తె పోరిని కొడ్తరని చెప్పలే అనేది. ఎప్పటికైన పోరే చెప్తది, పెద్దవ్వ మల్ల పిలుస్తదని, ఏటా ఎండకాలం మీ ఇంటికని ఒక కుండ పక్కకు వెట్టేది."

ఎన్నేళ్లు పెట్టిందని అడగబోయి మానుకున్నాను.