ధ్వంసమైందని నేను రాసిన వీలునామా

కోవిడ్‌కు ముందరి ఏడాది జూన్‌లో నన్ను మా డెల్టాలోని ఒక కోర్టుకు రికార్డుల విభాగం సూపరింటెండెంటుగా బదిలీ చేశారు. అప్పటికి నాకు రెండేళ్ల సర్వీసు మిగిలింది. ఆ సెప్టెంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం ఒక అర్జీ వెనక నేనొక వాక్యం రాసి సంతకం పెట్టాను: "కోరిన రికార్డు ధ్వంసం చేయబడినది. నకలు ఇచ్చుటకు వీలు లేదు." అది నిజం కాదు. నిజమో కాదో చూడవలసిన ఉద్యోగం నాది, నేను చూడలేదు. కుర్చీలోంచి లేవకుండా రాసిన ఆ ముక్క ఒకామె ఇంటి మీదికి వచ్చింది. తప్పు నాది కాబట్టి కోర్టు పేరు ఇక్కడ రాయడం లేదు.

కోర్టులో తీర్పు అయిపోయిన కేసు కాగితాలు కట్ట కట్టి రికార్డు గదికి పంపుతారు. ఎవరికైనా నకలు కావాలంటే ఒక ఫారం నింపి, దాని మీద కోర్టు ఫీజు స్టాంపు అంటించి నకళ్ల విభాగంలో ఇవ్వాలి. మేము కట్ట వెతికి తీస్తాం. ఎన్ని పేజీలో చూసి, చార్జీలు కట్టవలసిన వారి జాబితా నోటీసు బోర్డుకు పెడతాం. గడువులోగా కట్టకపోతే అర్జీ కొట్టేస్తాం. బోర్డు చూసుకోవడం అర్జీదారు పని. ఆ మనిషి ఎంత దూరం నుంచి రావాలో ఫారంలో అడగరు.

సుగుణ కడియం నుంచి వచ్చేది. యాభై ఏళ్లు దాటిన మనిషి, అక్కడి నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టే పని. ఆమె మేనత్త రూతమ్మ గారు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి, పిల్లల్లేక సుగుణను పెంచుకుంది. తన రెండు గదుల ఇల్లు సుగుణకు చెందాలని వీలునామా రాసి పోయింది. సుగుణ తండ్రి ఆ వీలునామాకు ప్రొబేటు తీసుకున్నాడు. ప్రొబేటు అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ఆమోదం. మన వైపు హిందూ కుటుంబాలకు దీనితో పెద్దగా పని పడదు. చట్టం మారకముందు క్రైస్తవ కుటుంబాలకు మాత్రం, వీలునామా కింద హక్కు అడగాలంటే ఇది తప్పనిసరి.

ఇన్నేళ్ల తర్వాత సుగుణ పెదనాన్న కొడుకు, అసలు వీలునామాయే లేదని, ఇంట్లో సగం తనదని దావా వేశాడు. రెండు గదుల ఇంట్లో సగమంటే ఒక గది. పంచలేకపోతే అమ్మడమే. సుగుణ దగ్గరున్న ప్రొబేటు కాగితం ఏనాడో చెదలు తినేశాయి. మిగిలింది తండ్రి బైబిలు చివరి ఖాళీ పేజీలో, పుట్టుకల తేదీల కింద రాసుకున్న ఒక నంబరు: ఓ.పి. 41/84. ఓ.పి. అంటే కోర్టులో వేసే ఒక రకం పిటిషను. ఆ బైబిలును ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో పెట్టుకుని వచ్చేది.

మొదటిసారి వచ్చినప్పుడు అర్జీలో తీర్పు తేదీ లేదని వెనక్కి ఇచ్చాం. తీర్పు తేదీ ఆమె అడుగుతున్న కాగితంలోనే ఉంటుంది. కాగితం కావాలంటే తేదీ రాయాలి, తేదీ తెలియాలంటే కాగితం చూడాలి. దీనికి మార్గం లేకపోలేదు, వెతుకులాటకు వేరే అర్జీ ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. పక్క బల్ల దగ్గరే ఉండి నేనూ చెప్పలేదు. ఎవరో ప్లీడరు గుమాస్తా చెబితే రెండోసారి ఆ అర్జీతో వచ్చింది. అప్పుడు, నువ్వు ఆ కేసులో పార్టీవి కావు, నీకెందుకు కావాలో అఫిడవిట్ వేయమన్నాం. మూడోసారి అఫిడవిట్ తెచ్చింది. తండ్రి మరణ ధ్రువపత్రం ఏదని అడిగాం. ఈ మూడు అభ్యంతరాలూ మొదటి రోజే ఒక చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. ఒక్కో రోజు ఒక్కో అభ్యంతరం మా ఆఫీసు అలవాటు. ఆ అలవాటును ముప్ఫై ఏళ్లకు పైగా పెంచి పోషించినవాళ్లలో నేనొకణ్ణి.

మూడోసారి ఆమె అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంటూ అంది: "అయ్యా, ఇంకేమేం కావాలో అన్నీ ఒకేసారి చెప్పేయండి. మా నర్సరీకి మొక్క కోసం వచ్చినోళ్లకి ఒక రోజు కుండీ, ఇంకో రోజు మట్టి, మరో రోజు మొక్క ఇస్తామా అండి?"

మా రికార్డు అటెండరు వీర్రాజు ఫక్కున నవ్వాడు. అతనూ నాలాగే రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. నాకు ఒళ్లు మండింది. ఇది కోర్టమ్మా, నర్సరీ కాదు అన్నాను.

"అదేనండి, నర్సరీ అయితే ఈపాటికి పని అయిపోయేది" అని వెళ్లిపోయింది.

నాలుగోసారి అన్నీ సక్రమంగా తెచ్చింది. అదే నేను చెప్పిన సోమవారం. ఆ సాయంత్రంలోగా పెండింగు అర్జీల స్టేట్‌మెంటు పంపాలి. తిరస్కరించిన అర్జీ కూడా పరిష్కరించిన అర్జీ కిందే లెక్క. ఇది చదివేవారికి వింతగా ఉంటుంది, మాకు ఉండదు. నేను ధ్వంసం రిజిస్టరు తెప్పించాను. గడువు తీరిన రికార్డులను రూలు ప్రకారం తీసేసినప్పుడు వాటి నంబర్లు రాసి ఉంచే పుస్తకం అది. అందులో నాకంటే ముందు పనిచేసినాయన ఎవరో "1984 ఓ.పి.లు, 1 నుంచి 60 వరకు" అని ఒకే గీతలో రాసిపెట్టాడు. నలభై ఒకటి ఆ మధ్యలోదే. నేను వాక్యం రాసి సంతకం పెట్టాను.

"ధ్వంసం అంటే ఏంటండి? ఎవరైనా చింపేశారా?" అని అడిగింది.

గడువు దాటిన కాగితాలు ఉంచరని చెప్పాను.

"మా అత్త చేత్తో సంతకం పెట్టిన వీలునామా కూడానండీ?"

అన్నీనమ్మా అన్నాను.

నేను సిగ్గుపడేది ఆ జవాబుకే. ప్రొబేటు ఇచ్చాక అసలు వీలునామాను కోర్టే దాచి ఉంచాలి. దాన్ని తీసేయడానికి ఏ గడువూ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డిపార్ట్‌మెంటు పరీక్షకు చదివిన సంగతి. ఆమె సరిగ్గా అడగవలసిన ప్రశ్నే అడిగింది. ఆమెకు చట్టం తెలియదు, అత్త సంతకాన్ని ఎవరూ పారేయరని మాత్రం తెలుసు. చట్టం తెలిసినవాణ్ణి నేను, పారేశామని చెప్పి పంపాను.

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి అర్జీ తేలేదు. నా బల్ల ముందు నిలబడి మెల్లగా చెప్పింది. నేను రాసిన కాగితాన్ని ఆమె ప్లీడరు గారు కోర్టులో దాఖలు చేశారట, రికార్డు లేకపోవడం తమ తప్పు కాదని చూపించడానికి. అవతలి ప్లీడరు దాన్నే అందుకున్నారు. ప్రొబేటు ఉంటేగా ధ్వంసం కావడానికి, అసలు అలాంటి ఉత్తర్వే లేదన్నారు. వచ్చే గురువారం నాటికి ఆధారం చూపకపోతే ఆమె వైపు సాక్ష్యం ముగిస్తామని జడ్జి గారు చెప్పారు.

"మీరు రాసిన కాగితమే వాళ్లకి సాక్షి అయిందండి. మా అన్నయ్య మా అత్త సమాధి దగ్గరకి కూడా ఏనాడూ రాలేదు. ఇప్పుడు మీ సంతకం చూపించి ఇల్లు అడుగుతున్నాడు" అంది.

అప్పుడు లేచాను. 1984 ఓ.పి. రిజిస్టరు పై అరలో ఉంది. వీర్రాజు నిచ్చెన వేసి దింపాడు. నలభై ఒకటో నంబరు వరసలో రూతమ్మ గారి పేరు, సుగుణ తండ్రి పేరు, ఆ నంబరు ముగించిన తేదీ, అన్నీ ఉన్నాయి. చిట్టచివరి రిమార్కుల గడిలో చిన్న అక్షరాలతో ఉంది: పిటిషను మీద అభ్యంతరం వచ్చినందున దావాగా మార్చి, ఓ.ఎస్. నంబరు ఇవ్వడమైనది. ఓ.ఎస్. అంటే మామూలు సివిల్ దావా.

ప్రొబేటు పిటిషనును ఎవరైనా ఎదిరిస్తే అది పిటిషనుగా ఉండదు, దావా అవుతుంది. పాత నంబరు అక్కడితో ఆగిపోతుంది. కాగితాలన్నీ కొత్త నంబరు కట్టలోకి వెళ్తాయి. అప్పట్లో ఎదిరించింది సుగుణ పెదనాన్నే. కాబట్టి ఓ.పి. 41 కింద ధ్వంసం చేయడానికి కట్టంటూ ఏదీ లేదు. లేని కట్టను ఒకాయన ఒక గీతతో తీసేస్తే, నేను దాని మీద సంతకం పెట్టాను.

"ఆ చివరి గడి ఎవరూ చదవరండి" అన్నాడు వీర్రాజు నిచ్చెన మీద నుంచే. "చదివితే మళ్లీ నిచ్చెన ఎక్కాలి కదండి, ఆయ్."

దావా కట్ట కోసం రెండు రోజులు వెతికాం. తీర్పు, డిక్రీ శాశ్వత రికార్డుల అరలో దొరికాయి. వీలునామా ప్రొబేటు అయ్యిందని, ఎదిరించిన సుగుణ పెదనాన్న అభ్యంతరం కొట్టివేశారని అందులో స్పష్టంగా ఉంది. అసలు వీలునామా సీలు కవరులో, కోర్టు ఆఫీసు పెద్ద అయిన శిరస్తాదారు అధీనంలోని ఇనప బీరువాలో ఉంది. కవరు తెరవాలంటే జడ్జి గారి అనుమతికి నోటు పెట్టాలి. నోటులో ముందు నేను "పొరపాటు జరిగినది" అని రాశాను. ఆఫీసు రాతలో పొరపాట్లు వాటంతట అవే జరుగుతాయి, చేసినవాడు కనపడడు. ఆ కాగితం చింపి, రిజిస్టరు చూడకుండా నేను అర్జీ వెనక తప్పుడు ఎండార్సుమెంటు ఇచ్చానని రాసి పెట్టాను. అనుమతితో పాటు నా సంజాయిషీ అడుగుతూ ఒక మెమో కూడా వచ్చింది. అది రావలసిందే.

నకలు బుధవారం సాయంత్రానికి సిద్ధమైంది. చార్జీల జాబితా బోర్డుకు పెట్టక ముందే నేను సుగుణకు ఫోను చేసి చెప్పాను. ముప్ఫై ఏళ్ల పైబడిన సర్వీసులో ఒక అర్జీదారుకు నేను ఫోను చేయడం అదే మొదటిసారి.

నా పాత ఎండార్సుమెంటు అప్పటికే కోర్టు ముందు ఉంది కాబట్టి నకలు ఒక్కటే చాలదన్నారు. సుగుణ ప్లీడరు గారు నాకు సాక్షిగా సమన్లు పంపించారు. రిజిస్టరు చంకన పెట్టుకుని బోనెక్కాను. అన్నేళ్లు కోర్టు హాళ్లకు కట్టలు మోయించిన నాకు బోను అంత ఇరుకని తెలియదు. అవతలి ప్లీడరు గారు నా కాగితం నాకే చూపించారు.

"ఈ చేతిరాత మీదేనా?"

"నాదేనండి."

"ఇందులో ఉన్నది నిజమా, ఇప్పుడు మీరు చెబుతున్నది నిజమా?"

"ఇప్పుడు చెబుతున్నది. అది చూడకుండా రాశాను."

"ఇలా చూడకుండా ఇంకా ఎన్ని రాశారు?"

ఆ ప్రశ్న అవసరం లేదని జడ్జి గారు ఆపేశారు. జవాబు రాసుకోలేదు.

తర్వాతి ఏడాది కోర్టులు మూతపడి తెరుచుకున్నాక తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు, ఇల్లు సుగుణకు నిలిచింది. తీర్పు నకలు కోసం మా దగ్గరకే వచ్చింది. ఫారం ఆమెకిప్పుడు కంఠతా వచ్చు, పక్కనున్న ఇద్దరికి తనే నింపి పెట్టింది. నేను వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె, "మొదటి రోజే ఆ చివరి గడి చదివుంటే సరిపోయేది కదండీ" అంది. క్షమించానని అనలేదు. నకలు సంచిలో పెట్టుకుని బస్సు టైమయిందని వెళ్లింది.

మెమోకు ఫలితంగా నా సర్వీసు రిజిస్టరులో అభిశంసన రాశారు. నేను అప్పీలు చేయలేదు. అవతలి ప్లీడరు గారి ప్రశ్నకు మాత్రం జవాబు వెతకడం మొదలుపెట్టాను. ఆ సీటులో చేరినప్పటి నుంచి "ధ్వంసం" అని నేను సంతకం పెట్టిన అర్జీలన్నీ తీయించాను. సుగుణది కాక పంతొమ్మిది ఉన్నాయి. ఆఫీసు వేళ అయ్యాక ఒక్కో నంబరు పట్టుకుని, రిమార్కుల గడి దాకా చదువుతూ, వీర్రాజుతో పాటు నేనూ నిచ్చెన ఎక్కాను. పదహారు నిజంగానే ధ్వంసమయ్యాయి. మూడు కట్టలు దొరికాయి. ముగ్గురికీ, మీ రికార్డు ఉంది, తప్పు నాది, వచ్చి అర్జీ ఇవ్వండి అని రిజిస్టరు పోస్టులో ఉత్తరాలు రాశాను. ఇద్దరు వచ్చి తీసుకున్నారు. మూడో ఉత్తరం, చిరునామాదారు మరణించారని తిరిగి వచ్చింది.

ఆయనది కొవ్వూరు. ఒక ఆదివారం వంతెన దాటి వెళ్లాను. ఆయన కొడుకు కుర్చీ వేశాడు. సంగతి చెప్పాను. ఆ కాగితం దొరకలేదని, తండ్రి దాయాదులతో రాజీపడి స్థలం వదిలేసుకున్నారని అతను చెప్పాడు. "నాన్నగారు ఉండగా వచ్చుంటే బాగుండేదండి" అన్నాడు. అవునన్నాను. కావాలంటే నకలు ఇప్పుడైనా తీసుకోవచ్చని, ఫారం ఎలా నింపాలో ఒక కాగితం మీద వరసగా రాసిచ్చి వచ్చాను. అతను రాలేదు.

వెతికినా దొరకని కాగితానికీ, లేదని తేలిన కాగితానికీ తేడా ఉంది. ఆ తేడా చూడడానికే రికార్డు గదిలో మనిషిని పెడతారు. రిటైరైన రోజున చార్జి అప్పగిస్తూ నా తర్వాతి సూపరింటెండెంటుకు రెండు సూచనలు రాసిచ్చాను. అర్జీ మీద ఎన్ని అభ్యంతరాలున్నా మొదటి రోజే అన్నీ ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. ధ్వంసం రిజిస్టరులో ఆ కేసు నంబరు విడిగా కనిపిస్తే తప్ప "ధ్వంసమైనది" అని రాయకూడదు, అంతవరకు "ఇంకా దొరకలేదు" అని రాసి వెతకాలి. ఆయన చదివి, ఇలా రాస్తే పెండింగు పెరుగుతుంది కదండీ అన్నారు. పెరుగుతుందని చెప్పి, తాళాలు ఇచ్చి వచ్చాను.