అన్వర్ భాయ్ చేప గ్యారంటీ

అన్వర్ భాయ్‌కి గ్యారంటీ ఇవ్వనిదే పూట గడవదు. మనం అడగాల్సిన పని కూడా లేదు. బస్టాండులో బస్సు కోసం ఎదురుచూస్తుంటే పక్కన చేరి "అస్తది, గ్యారంటీ" అంటాడు. ఆ బస్సును రద్దు చేసి అప్పటికి నెల దాటి ఉంటుంది. దవాఖాన బెంచీ మీద ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గుతుంటే "రేపటికల్ల తగ్గుతది, నాది గ్యారంటీ" అంటాడు. ఇంటికొచ్చిన చుట్టాలు చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టకముందే చక్కెరకు గ్యారంటీ ఇస్తాడు. ఇన్ని ఇచ్చినా వాటిలో నిలబడినవి బహు తక్కువ.

ఆయన భార్య జోహరా బీకి ఈ సంగతి మా అందరికంటే బాగా తెలుసు. "మీ భాయ్ వాన రాదని గ్యారంటీ ఇచ్చిండంటే గొడుగు పట్టుకోని పో భయ్యా" అని నాకు ఎన్నోసార్లు చెప్పింది. నేను ఆమె మాట విని ఎప్పుడూ తడవలేదు.

తంగళ్లపల్లిలో మా వాడకట్టు చిన్నవ్వ మనుమరాలి పెళ్లినాడు పొద్దున్నుంచే మబ్బు పట్టింది. చిన్నవ్వ ఆకాశం వైపు చూస్తూ ముద్ద ముట్టకుండా కూర్చుంది. ఎవరు బతిమాలినా వినలేదు. అన్వర్ భాయ్ వచ్చి విస్తరి ఆమె ముందుకు జరిపాడు.

"చిన్నవ్వా, రెండు బుక్కలు తిను. వాన రాదు. గ్యారంటీ."

"నిజంగనేనా అన్వరూ?"

"నేనెన్నడన్న అబద్ధం చెప్పిన్నా?"

అబద్ధం తప్ప ఇంకేం చెప్పావని నా నోటిదాకా వచ్చింది. కానీ చిన్నవ్వ అప్పటికే అన్నం కలుపుకుంటోంది. ఆమె చెయ్యి కడుక్కునే సరికి గాలి లేచింది, పందిరి లేచింది, దాని వెనకాలే కుండపోత మొదలైంది. నేను అన్వర్ భాయ్‌ని పట్టుకుని నిలదీశాను.

"వాన రాదంటివి గద భాయ్?"

"ఇది వాన గాదు తమ్మీ, గాలివాన. దానికి నేను గ్యారంటీ ఇయ్యలే."

అంటూనే వెళ్లి పందిరి గుంజను కౌగిలించుకుని, తాళి కట్టే దాకా అలాగే తడుస్తూ నిలబడ్డాడు. తప్పుడు గ్యారంటీకి తగిన శిక్షే పడిందని మేమంతా నవ్వుకున్నాం.

అన్వర్ భాయ్ చాలా ఏళ్లు గల్ఫ్‌లో ఉన్నాడు. అక్కడ కలిగినవాళ్లను పడవలో ఒక చిన్న దీవికి తీసుకుపోతారట. పగలంతా ఆ దీవి వాళ్లదే. ముఖానికి అద్దం, నోటికి గొట్టం తగిలించుకుని నీళ్ల కింద చేపలను చూడటం, ఆ తర్వాత అవే చేపలను గాలం వేసి పట్టడం, చివరికి వాటినే ఇసుక మీద బొగ్గులపై కాల్చుకుని తినడం అక్కడి మర్యాద. ఈయన ఆ పడవలో పనివాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఆ అద్దమూ గొట్టమూ తప్ప ఇంకేం లేవు. దుబాయ్ నుంచి మనిషి దిగితే తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు ఎన్ని దిగాయో చూసే ఊళ్లు మావి.

"పెట్టెలేవి భాయ్?" అని అడిగాను.

"ఓడల అస్తున్నయ్. గ్యారంటీ" అన్నాడు.

అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు మీసాలు వచ్చాయి. ఆ ఓడ మాత్రం ఇంకా సిరిసిల్ల చేరలేదు.

ఓడ రాకపోయినా డ్యామ్ వచ్చింది. నీళ్లు నిండినప్పుడు చుట్టూ ఊళ్లూ పొలాలూ అన్నీ మునిగి ఒక మిట్ట మాత్రం పైకి తేలింది. అన్వర్ భాయ్ దాన్ని చూసి గల్ఫే తనను వెతుక్కుంటూ వచ్చిందన్నాడు. ఒక పాత పడవ కొని, ఒడ్డున బోర్డు పెట్టాడు: ‘ప్రైవేట్ ఐలాండ్. నీళ్ల కింద షికారు, చేపల వేట, బీచి మీద దావత్. చేప గ్యారంటీ.’ బీచి అంటే నా ఇల్లు కట్టగా మిగిలిన నాలుగు బస్తాల ఇసుక. ప్రైవేట్ అన్న మాట బర్రెలకు తెలియదు కాబట్టి ఎండాకాలం నీళ్లు తగ్గగానే అవి నడుచుకుంటూ వచ్చి ఆ బీచి మీదే పడుకునేవి.

నాకు సిరిసిల్లలో నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాలను మేం సాంచాలే అంటాం. నీళ్లలో తేలే జాకెట్లు కుట్టే పని అందుకే నా మీద పడింది. లోపల థర్మకోల్, పైన మిగిలిపోయిన చీర బట్ట. జగిత్యాల నుంచి వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు తన జాకెట్టుకు జరీ అంచు సన్నగా ఉందని అలిగి, పెద్దంచుది ఇచ్చేదాకా పడవ ఎక్కలేదు.

నీళ్ల కింద షికారు సంగతి చెప్పాలంటే, మూరెడు దూరం దాటితే ఏమీ కనపడదు. ఒకాయన గొట్టం పెట్టుకుని మునిగి వెంటనే పైకి లేచాడు.

"లోపల చేతిపంపు ఉన్నది!"

"ఉన్నది సార్. నీళ్ల కింద చేతిపంపు దుబాయ్‌ల గూడ లేదు" అన్నాడు అన్వర్ భాయ్ గర్వంగా.

ఆయన ఇచ్చిన వేల గ్యారంటీల్లో ఒక్క చేప గ్యారంటీ మాత్రం ఎన్నడూ తప్పలేదు. గాలం పట్టడం రాని వాళ్లకు పడింది. ఎర పెట్టడం మరిచిపోయిన వాళ్లకూ పడింది. అందరూ గాలాలు వేసి కూర్చోగానే అన్వర్ భాయ్ "నీళ్లు చెక్ చేసొస్త" అని గొట్టం నోట్లో పెట్టుకుని, నేను కుట్టిచ్చిన చీర బట్ట సంచి ఒకటి చంకలో ఇరికించుకుని మునిగేవాడు. అప్పుడు దావత్ వంటకని పడవలో వెంట వచ్చే జోహరా బీ ఆకాశం వైపు చూస్తూ కూర్చునేది. సంచిలో ఏముందని అడిగితే "సేఫ్టీ" అనేవాడు. సేఫ్టీ అప్పుడప్పుడు కొట్టుకులాడటం నేను చూశాను గానీ, నీళ్ల ఊపులే అనుకున్నాను.

ఇలా ఉండగా కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే రమేశ్ ఒక ఆదివారం పడవ మొత్తం మాట్లాడుకున్నాడు. వెంట తన బావ లక్ష్మీరాజాన్నీ, ఆరో తరగతి చదివే మేనకోడలు రజనినీ తీసుకొచ్చాడు. జాకెట్ల ముడులు చూడాలన్న వంకతో, చేపల మీద ఆశతో నేనూ ఎక్కాను.

లక్ష్మీరాజానిది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. గల్ఫ్‌లో కంపెనీ మూతపడితే కట్టుబట్టలతో తిరిగొచ్చాడట. అందరూ ఏం తెచ్చావని అడుగుతారని చాయ్ హోటలుకు కూడా పోవడం మానేశాడట. ఇదంతా అతను చెప్పలేదు. బావ ముందే రమేశ్ పడవంతా వినపడేలా చెప్పాడు.

"మా బావ దుబాయ్ నుంచి దిగిండు భాయ్. పెట్టె మాత్రం ఇంక తొవ్వలనే ఉన్నది."

అన్వర్ భాయ్ నవ్వలేదు. తాడు ముడి ఒకటి ఊరికే విప్పి మళ్లీ కట్టాడు.

"మామా, సూడు, మా బాపే అందరికన్న పెద్ద చేప పడ్తడు" అంది రజని.

"పట్టకుంటే?"

"పడ్తడు!"

"పట్టకుంటే దావత్ గిన్నెలన్ని మీ బాపే తోమాలె. లైవ్‌ల పెడ్త. ఊరంత సూస్తది" అని రమేశ్ అప్పుడే ఫోన్‌ను కర్రకు బిగించి లైవ్ మొదలుపెట్టాడు. లక్ష్మీరాజం కూతురి ముఖం వైపు చూడలేక నీళ్ల వైపు చూశాడు.

"పరేషాన్ గాకు రాజం. చేప గ్యారంటీ" అన్నాడు అన్వర్ భాయ్.

గాలాలు పడ్డాయి. అన్వర్ భాయ్ మునిగాడు. కాసేపటికే రమేశ్‌కు ఇంత పెద్ద బొచ్చె చేప పడింది. దాన్ని భుజాన వేసుకుని, చంకన పెట్టుకుని, ముద్దు పెట్టుకుని ఫోనుకు చూపించాడు. నా గాలానికి కూడా ఒక రవ్వ చేప పడింది. లక్ష్మీరాజం గాలం మాత్రం ఉలుకూ పలుకూ లేదు. రజని తండ్రి మోచేయి పట్టుకుని కూర్చుంది.

అన్వర్ భాయ్ ఊపిరి కోసం పైకి వచ్చి, సంగతి చూసి, పడవ అంచుకు తగిలించిన సంచి అందుకుని మళ్లీ మునిగాడు. అంతలో లక్ష్మీరాజం గాలం గట్టిగా గుంజింది.

"బాపూ! వడ్డది!"

తండ్రీ కూతుళ్లిద్దరూ కలిసి లాగారు. చేప పైకి వచ్చింది. పెద్దదే. రమేశ్ బొచ్చెను మించింది. అయితే దానికి పొలుసు లేదు, కడుపులో పేగుల్లేవు. ఒంటి నిండా వరసగా గాట్లు, ఆ గాట్లలో పసుపూ కారం, మొప్ప దగ్గర కొత్తిమీర. అది జోహరా బీ పొద్దున్నే మసాలా పట్టించిన దావత్ చేప.

నాకు అప్పుడు వెలిగింది. పట్టాల్సిన చేపలకొక సంచి, కాల్చాల్సిన చేపలకొక సంచి, రెండూ ఒకే చీరలోంచి ఒకే అంచుతో కుట్టిన మొనగాడిని నేనే. ఆ బురద నీళ్లలో ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

"సూడుండ్రి సూడుండ్రి! మా బావ కూరను పట్టిండు!" రమేశ్ పడీపడీ నవ్వుతూ ఫోన్‌ను లక్ష్మీరాజం ముఖం మీదకు తిప్పాడు. లక్ష్మీరాజం ఆ చేపను ఎక్కడ దాచాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. రజని కళ్లు నిండాయి.

అన్వర్ భాయ్ నీళ్లలోంచి తల ఎత్తి అంతా చూశాడు. ఇప్పుడేదో పెద్ద అబద్ధం వేస్తాడు, ఇబ్రహీంపట్నం పసుపు చేన్ల నీళ్లు తాగిన చేప, గ్యారంటీ అంటాడనుకున్నాను. ఆయన పడవ అంచు పట్టుకుని, నేరుగా ఫోన్‌లోకి చూశాడు.

"అందరు వినుండ్రి. గీ పడవల ఎవ్వలకు ఎన్నడు చేప వడలే. గాలానికి తగిలిచ్చేది నేనే. గల్ఫ్‌ల పెద్దపెద్దోళ్లకు గిట్లనే తగిలిచ్చిన, గదే నా డ్యూటీ. ఇయ్యాల సంచి మారింది. తప్పు నాది, రాజంది గాదు."

రమేశ్ నవ్వు ఆగింది. "మరి నా బొచ్చె?"

"నీదే కష్టమైంది సేటూ. రెండు మాట్లు తగిలిస్తే గాని నీకు గుంజుడు రాలే."

రమేశ్ లైవ్ ఆపేశాడు. జోహరా బీ ఆకాశం మీది నుంచి చూపు దించి, మొగుడి వైపు చూసి, తడి తల తుడవడానికి తన చున్నీ చెంగు అందించింది. ఉన్న ఒక్క నిజమైన గ్యారంటీని ఆయన చేజేతులా ముంచుకున్నాడని ఆమెకూ తెలుసు.

"నా కోసం ఎందుకు భాయ్, గిరాకి పోతది గద?" అన్నాడు లక్ష్మీరాజం.

"నేను గూడ గట్లనే అచ్చిన రాజం. ఓడ లేదు, పెట్టెల్లేవు. ఒట్టి చేతులతోని ఇంటి ముంగట నిలవడుడు ఎట్లుంటదో నాకెరుకే. నా పడవ దిగెటోడు మాత్రం ఒట్టి చేతులతోని దిగద్దు, గంతే."

పందిరి గుంజ పట్టుకుని తడిసిన మనిషి నాకు అప్పుడు సరిగ్గా కనిపించాడు. ఆ రోజు ఆయన గ్యారంటీ ఇచ్చింది వానకు కాదు, చిన్నవ్వ రెండు ముద్దలు తినడానికి. బస్టాండులోనూ, దవాఖానలోనూ చేసింది అదే. ఇన్నాళ్లూ నేను ఆకాశం వైపు చూసి ఆయన్ని వెక్కిరించాను. పక్కనున్న మనిషి ముఖం వైపు చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మిట్ట మీద దిగి, మా పాత సాంచా చువ్వలు పేర్చి బొగ్గులు రాజేశాం. ముందు ఎవరి చేప కాల్చాలన్నది రజనే తేల్చింది. "మా బాపుదే. కడిగేది లేదు, కోసేది లేదు." మొదటి ముక్క రమేశ్ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "ఉప్పు గూడ సరిపోయింది బావ" అన్నాడు చివరికి. గిన్నెలు కూడా ఎవరూ చెప్పకముందే తనే తోమాడు. ఆ పని మాత్రం లైవ్‌లో పెట్టలేదు.

ఇక పడవ అమ్ముకోవాల్సిందేనని అనుకున్నాం. కానీ జనాన్ని అంచనా వేయడం ఎవరి తరం? ఆ వీడియో చూసిన కోరుట్ల వాళ్లు "మసాలా పట్టిన చేప పడ్తదట గద, మాకు గదే గావాలె" అని ఫోన్లు మొదలుపెట్టారు. జగిత్యాల బ్యాంకు మేనేజరైతే వేయించినది పడుతుందా అని అడిగాడు. గిరాకీ పెరిగి, నీళ్ల కింద పనికి మనిషి చాలక, లక్ష్మీరాజం అందులో చేరాడు. ఇప్పుడు చాయ్ హోటలులో కూర్చుని, నీళ్ల కింది చేతిపంపు గురించి నలుగురికీ చెబుతుంటాడు.

మొన్న సెలవునాడు రజని పడవలో అన్వర్ భాయ్‌ని అడిగింది.

"చాచా, నువ్వెన్నడన్న గాలం పట్టినవా?"

"నేను పట్టుకోని కూసుంటే కింద పని ఎవలు చేస్తరు బిడ్డా?"

ఆమె గాలం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. వెనక నీళ్లలో చిన్న చప్పుడైంది. జోహరా బీ ఆకాశం వైపు చూసింది. నేను కూడా చూశాను. కాసేపటికి గాలం గుంజింది.

పైకి వచ్చిన చేపకు పసుపూ కారం నిండుగా ఉన్నాయి. నోట్లో నిమ్మకాయ ముక్క కూడా ఉంది. అన్వర్ భాయ్ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చూపుడు వేలితో మసాలా కొంచెం నాలుకకు రాసుకుని, నీళ్ల వైపు వంగాడు.

"రాజం, కారం జర తక్కువైంది!"

నీళ్లలోంచి గొట్టం పైకి లేచింది. దాని వెనకాలే లక్ష్మీరాజం తల లేచింది.

"మల్లొక మాటు సరిపోతది భాయ్. గ్యారంటీ!"