స్వప్నకి నేనిచ్చిన ఫీడ్‌బ్యాక్

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఏళ్ల తరబడి మోస్తున్నాను. మోస్తున్నట్టు పైకి కనపడకుండా ఉండటం కూడా బాగా అలవాటైంది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు స్వప్నని ఎరగరు. ఆమె ముఖం చూస్తూ చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. అది పిరికితనమే, తెలుసు.

ఆఫీసులో నన్ను మంచి స్పీకర్ అంటారు. కొత్తగా చేరినవాళ్లకి ప్రెజెంటేషన్ ఎలా ఇవ్వాలో నా చేతే చెప్పిస్తారు. ఇంత కాన్ఫిడెన్స్ ఎలా వచ్చిందని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రాక్టీస్ అంటాను. అబద్ధం కాదు. ఆ ప్రాక్టీస్‌లో నేను ఏం చేశానో మాత్రం చెప్పను.

అప్పట్లో స్వప్న, నేను అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్లం. ఒకే ఫార్మా కంపెనీ, ఒకే డేటా టీమ్. ఇద్దరం హెచ్‌వన్‌బీ వీసా మీదే. ఆమెది నిజామాబాద్, నాది తెనాలి. ఆమె పచ్చిపులుసు నా డబ్బాలోకి, నా గోంగూర ఆమె డబ్బాలోకి వెళ్లేవి. ఆ ఏడు మా మేనేజర్ ఒక మాటన్నాడు. డైరెక్టర్ల ముందు ప్రెజెంటేషన్ మా ఇద్దరిలో ఒకరు ఇవ్వాలి. ముందు టీమ్‌లో ఇద్దరూ ఇచ్చి చూపించాలి. బాగా ఇచ్చినవాళ్లే టీమ్ లీడ్. లీడ్ అయితే కంపెనీ గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

నలుగురి ముందు నిలబడితే నాకు గొంతు వణికేది. తనకీ భయమేనని స్వప్న అనేది. అందుకే ఆదివారం పొద్దున లాండ్రీ రూమ్‌లో బట్టలు మెషీన్‌లో వేసేసి, ఒకరి ముందు ఒకరం మాట్లాడి చూసుకునేవాళ్లం. జంకు తీరేదాకా ఒకరికొకరం తోడుండాలని అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే.

ఒక ఆదివారం ముందు నేను మాట్లాడాను. బళ్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు వచ్చింది. స్వప్న ఓపిగ్గా విని, బాగుంది, జర మెల్లగ చెప్పు, అంది. తర్వాత ఆమె లేచింది. మా డేటాలోంచి ఒక పేషెంట్‌ని తీసుకుంది. పేరు లేదు, వట్టి నంబరు. ఆ మనిషికి మందు వేసుకోక ముందు రాత్రుళ్లు ఎలా గడిచేవో, వేసుకున్నాక ఎలా నిద్రపట్టిందో చెబుతూ, చేతులు తిప్పుతూ, మధ్యలో నన్ను నవ్విస్తూ, నాకు తెలియకుండానే నన్ను అంకెల్లోకి తీసుకెళ్లింది. ఇంగ్లీషే, నిజామాబాద్ యాసలో. బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఒక అమెరికన్ పెద్దావిడ బుట్ట చంకన పెట్టుకుని, కదలకుండా చివరిదాకా వింది. స్వప్న వీపు ఆవిడ వైపు ఉంది. ఆవిడ వినడం నేనొక్కదాన్నే చూశాను.

ఆవిడ వెళ్లిపోయింది. స్వప్న నా వైపు చూసింది.

"ఎట్లుంది? నిజం చెప్పు."

"ఏమీ అనుకోవు కదా?"

"నువ్వే చెప్పకుంటే ఇంకెవరు చెప్తరే?"

"నీ యాక్సెంట్ వాళ్లకి అర్థం కాదు స్వప్నా. చేతులు అలా తిప్పితే అన్‌ప్రొఫెషనల్‌గా ఉంటుంది. కథలు వద్దు. స్లైడ్ మీదున్నది చదివెయ్, చాలు."

ఆమె డ్రయర్‌లోంచి బట్టలు తీసి బుట్టలో వేసుకుంది. తర్వాత, "మంచిగ చెప్పినవ్. థ్యాంక్సే," అంది.

ముందే అనుకుని అన్నానా? లేదు. మరి అంత సాఫీగా ఎలా వచ్చింది? ఎక్కడా తడబడలేదు. జీవితంలో గొంతు వణకకుండా నేను మాట్లాడిన మొదటి మాటలు అవే. ఆమె మంచికే చెప్పానని కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. నిజంగానే కొందరికి మన యాస అర్థం కాదు కదా, నిజంగానే కొందరు చేతులు తిప్పితే చిన్నచూపు చూస్తారు కదా, అని. ఆ పెద్దావిడ గుర్తొచ్చినప్పుడల్లా ఆ నమ్మకం నిలిచేది కాదు.

టీమ్ ముందు స్వప్న చేతులు కట్టుకుని నిలబడి, స్లైడ్లు చదివింది. మేనేజర్ రెండో స్లైడ్‌కే ఫోన్ తీశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నన్నే ఎంచుకున్నారు. ఇంకా విననంటే ఆపేయండి, కానీ ఇదీ చెప్పాలి. డైరెక్టర్ల ముందు నేను ఆ పేషెంట్ కథే చెప్పాను. చేతులు తిప్పాను. నవ్వించాను. వెనక కూర్చుని విన్న స్వప్న, బయటికి రాగానే నన్ను గట్టిగా వాటేసుకుంది. తను చెబితే అర్థమయ్యేది కాదని, నేను చెబితే అందరికీ అర్థమైందని సంతోషపడింది.

ఆ తర్వాత ఆమె మీటింగుల్లో నోరు విప్పడం మానేసింది. అడగాల్సింది చాట్‌లో టైప్ చేసేది. వేరే కంపెనీకి మారింది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కర్లేని పని చూసుకుని. నాకు గ్రీన్‌కార్డ్ వచ్చేసింది, ఆమె ఇంకా లైన్‌లోనే ఉంది. మేం ఇప్పటికీ స్నేహితులమే.

మొన్న శనివారం వాళ్లమ్మాయి అనన్యని మా ఇంటికి తీసుకొచ్చింది. స్కూల్లో డిబేట్ ఉందట. "ఆంటీ, మీరు బెస్ట్ అని మమ్మీ చెప్తుంది," అంది ఆ పిల్ల. హాల్లో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. అచ్చం తల్లే. స్వప్న సోఫాలోంచి, చేతులు కిందికి పెట్టు బిడ్డా, ఆంటీ నాకెప్పుడో చెప్పింది, అంది.

నేను ఉండబట్టలేక, వద్దు, చేతులు అలాగే ఉండనీ, అన్నాను. స్వప్న నా వైపు తిరిగింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది, "మరి నాకట్ల చెప్పలేదు గద?"

అదే సమయం. నోటిదాకా వచ్చింది. నోరు తెరిచాను కూడా. "వీళ్లు ఇక్కడ పుట్టిన పిల్లలు. వీళ్లకి చెల్లుతుంది," అన్నాను.

స్వప్న తలూపింది. అది గూడ నిజమే, అంది.

మొదటిసారి భయంతో అన్నాను. మరి మొన్న దేనికి? ఉద్యోగం ఉంది, గ్రీన్‌కార్డ్ ఉంది, పోయేదేమీ లేదు. ఆమె దృష్టిలో నా మంచితనం తప్ప. దానికోసం ఆమెని ఇంకోసారి తక్కువ చేశాను, ఈసారి కూతురి ముందు. ఆమెకి చెప్తానా? తెలియదు. చెప్తానని మీకు మాటివ్వను, నా మాటకి విలువెంతో చూశారుగా.

మీకైతే చెప్తున్నాను. ఆ రోజు స్వప్న చాలా బాగా మాట్లాడింది. నాకంటే బాగా. అది నాకు అప్పుడే తెలుసు.