మూట పెరిగిన చలికాలం

ఈ రోజు పొద్దున ల్యాబ్‌లో నోరు పారేసుకున్నాను. సరైన మాట చెప్పిన అమ్మాయిని అందరి ముందూ కసిరి, రేపటి సమీక్షలో మాట్లాడే అవకాశం ఆమె చేతిలోంచి లాగేసుకున్నాను.

ఆ అమ్మాయి నా దగ్గర పరిశోధన చేస్తోంది. ఆదిత్యపూర్ నుంచి ఆటోలో వస్తుంది. వాళ్ళ తాతలు కూడా మావాళ్ళలాగే శ్రీకాకుళం వైపునుంచి ఈ హిందీ ఊరికి ఉక్కు పనికి వచ్చినవాళ్ళే. నేను తెలుగులో అడుగుతాను, ఆమె హిందీలో జవాబిస్తుంది. రేపు తన పనిని పెద్దల ముందు పెట్టాలి. వాళ్ళు ఒప్పుకుంటేనే ఆ పని ముందుకు సాగుతుంది.

ఆ పని ఇది. మన ఒంట్లోని ప్రతి కణమూ తనలో పాతబడిన భాగాలను చిన్న చిన్న సంచుల్లో చుట్టి, లోపలే ఉన్న లైసోజోమ్ అనే ఆమ్లపు తిత్తికి చేరుస్తుంది. అక్కడ అరిగించి, వచ్చిన సరుకుతో కొత్తవి కట్టుకుంటుంది. దీన్ని ఆటోఫజీ అంటాం. ఎంత అరిగిందో నేరుగా చూడలేం కనుక, సంచికి అంటుకుని ఉండే ఎల్‌సీ3 అనే ప్రోటీన్‌ను కొలుస్తాం. ప్రోటీన్లను గీతలుగా చూపే పొరను బ్లాట్ అంటాం. దాని మీద ఎల్‌సీ3 గీత ఎంత చిక్కగా ఉంటే కణంలో అన్ని సంచులు ఉన్నట్టు.

పొద్దున ఆమె తెచ్చిన బ్లాట్‌లో, మేం పరీక్షిస్తున్న మందు వేసిన కణాల గీత కాటుక దిద్దినట్టు ఉంది. నా మనసు ఎగిరి గంతేసింది. వెంటనే సమీక్ష సంఘం పెద్దాయనకు ఫోన్ చేసి, మా మందు ఆటోఫజీని పెంచుతోందని చెప్పేశాను. ఫోన్ పెట్టాక ఆమె నెమ్మదిగా అంది.

"సార్, లేకిన్ పీ62 భీ తో బఢా హై."

పీ62 చెత్తతో పాటు సంచిలోకి వెళ్ళి అరిగిపోయే ప్రోటీన్. పని జోరుగా జరుగుతుంటే అది తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. సంచులు ఎక్కువగా తయారవుతున్నాయా, లేక తయారైనవి ఖాళీ కావడం లేదా? బాఫిలోమైసిన్ వేసి, అరిగే దారిని మనమే మూసి చూస్తే తేలుతుంది. దారి మూసినప్పుడు, మందు వేసిన కణాల్లో గీత ఇంకా చిక్కబడితే మందు నిజంగా పని పెంచినట్టు. చిక్కబడకపోతే మందే దారికి అడ్డుపడిందేమో అనుకోవాలి. ఆ పరీక్ష కానిదే పెరిగిందని చెప్పకూడదని ఆమె మాట.

తప్పేమీ లేదు. ఏటేటా ఈ పాఠం చెప్పేది నేనే. కాని ఫోన్‌లో మాట ఇచ్చేశాను కదా.

"నువ్వు పుట్టకముందు నుంచీ సేత్తన్నాను ఈ బ్లాట్లు. నాకు నేర్పుతావేటి? రేపు నువ్వు మాటాడొద్దు, నేనే సెప్పుకుంటాను" అన్నాను.

వెనకబల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె "జీ సార్" అని, అప్పటికే శుభ్రంగా ఉన్న గాజుపలకను మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం భోజనానికి సిద్ధగోరాలోని ఇంటికి వచ్చాను. చలి మొదలవుతోంది కదా, మా ఆవిడ బొంతలు మేడ మీద ఎండలో వేసింది. వాటిలో అమ్మ కుట్టినది ఒకటి ఉంది. అన్నం తినబుద్ధి కాక మేడెక్కి దాని పక్కన కూర్చున్నాను. కలరా ఉండల వాసన, దాని కింద ఎక్కడో పాత ఇంటి బొగ్గుపొయ్యి వాసన.

బర్మామైన్స్‌లో నా చిన్నప్పుడు మా సందులో ఎవరి చీర చిరిగినా మా ఇంటికి వచ్చేది. అమ్మ వాటిని ఉతికి, మూటగట్టి, ఒక్కొక్కటే పరిచి బొంతలు కుట్టేది. సగం ఇచ్చినవాళ్ళకు, సగం మాకు. ఒక ఏడాది ఆ మూట కిటికీ ఎత్తు పెరిగింది. నాన్న వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, "మా ఇంట్లో కూడా ప్లాంటు పెట్టేసినాం. ఈసారి డబల్ ప్రొడక్షన్" అనేవాడు. వాళ్ళు నవ్వి ఇంకో చీర పడేసి పోయేవారు. నేనేమో బడిలో, ఈ చలికాలం నాకు కొత్త బొంత వస్తుందని గొప్పలు చెప్పాను.

చలి వచ్చింది. బొంత రాలేదు. ఒక సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి మూట వైపు చూశాడు.

"ఏటే, ఇంత సరుకుంది, ఒక్కటీ దిగదేటి?"

అమ్మ మూట ముడి బిగించి, "సూది కన్నం అవుపడ్డం లేదు. సెప్తే నవ్వుతారని సెప్పలేదు" అంది.

మూట పెరిగింది కుట్టడం ఎక్కువై కాదు, కుట్టడం ఆగిపోయి. ఆ మూటను ఇంట్లో అందరం రోజూ చూశాం. అమ్మ చేతుల వైపు మాత్రం ఎవరమూ చూడలేదు.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, దొరికిన సూదులన్నింటికీ దారం ఎక్కించి, దిండుకు వరసగా గుచ్చి వెళ్ళాడు. పట్టకారు పట్టే ఆ లావాటి వేళ్ళతో దారం కొస తడిపి, ఒక కన్ను మూసి ఎక్కించేవాడు. కళ్ళద్దాలు వచ్చేదాకా రోజూ అంతే. ఈ బొంత ఆ చలికాలానిదే. ఒక అంచున కుట్లు పాములా పోయాయి. అవి నాన్నవి. ఆదివారం పూట తనూ కుడతానని కూర్చునేవాడు.

ఆ వంకర కుట్ల మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నాను. తర్వాత మేడ మీది నుంచే పెద్దాయనకు ఫోన్ చేశాను. పొద్దున నేను చెప్పింది తొందరపాటని, సంచులు పెరిగాయని మాత్రమే తెలుసని, ఎందుకో తెలియదని చెప్పాను. రేపు ఆ అమ్మాయే మాట్లాడుతుందని కూడా చెప్పాను. "అయితే మీ దగ్గర చెప్పడానికి ఏమీ లేదన్నమాట" అన్నాడాయన. లేదన్నాను.

ల్యాబ్‌కి వెళ్ళేసరికి పొద్దున్నవాళ్ళంతా ఉన్నారు. అదీ మంచిదే. ఆమె బల్ల దగ్గర నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను. "పొద్దున ఈ అమ్మాయి సెప్పింది సరైన మాట. నేను కాదన్నది సరైనదని తెలిసే. తప్పు నాది. రేపు తనే మాటాడుతుంది."

ఆమె తలెత్తలేదు. "రేపటికి రిజల్ట్ నహీ ఆయేగా, సార్" అంది.

"రాదు. రానిదాన్ని రాలేదనే సెప్పు. వాళ్ళు అడిగితే నాకేసి సూడు."

బాఫిలోమైసిన్ వేయడానికి కణాలు ఆమె దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. నేను కాదన్నా, చేసి తీరాలని ఉంచుకుందన్నమాట. ఆ సంగతి అడగలేదు. ఆమె కణాలు పెంచిన పళ్ళాలు తీసేలోపు ఐస్ తెచ్చి, ట్యూబులు ముందేసుకుని కూర్చుని, వాటి మూతల మీద పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఏమీ వేయనివి, మందు ఒక్కటే, బాఫిలోమైసిన్ ఒక్కటే, రెండూ వేసినవి. ఆమె వచ్చి ఒక ట్యూబు తీసి దీపం కింద తిప్పి చూసింది.

"సార్, ఆప్‌కీ హ్యాండ్‌రైటింగ్ కౌన్ పఢేగా?"

వెనకబల్ల మళ్ళీ నవ్వింది. ఈసారి ఆమె కూడా. నేను మూతలన్నీ తుడిచేసి, నెమ్మదిగా, అచ్చు అక్షరాల్లో మళ్ళీ రాసి, ఒక్కొక్కటీ ఐసులో వరసగా గుచ్చాను.